కాలువ గట్టు... పాత కారు... నాన్న కాలు

కాలు తీసినా ఇంజన్ రొద తగ్గలేదు. బ్రేకు తొక్కితే రాయిలా ఉంది. అందరూ నాన్న వయసునే తప్పుపట్టారు. అసలు దొంగ ఎక్కడ దాక్కున్నాడో తెలియడానికి ధవళేశ్వరం నుంచి రాజోలు దాకా గోదారి గట్ల వెంట ఓ రోజంతా ప్రయాణం చేయాల్సి వచ్చింది.

గోదావరి జిల్లాల్లో రోడ్డుకి ఓ పక్కన కాలువ ఉంటుంది. రెండో పక్కన... చాలాచోట్ల ఇంకో కాలువ ఉంటుంది. లేదంటే చేపల చెరువో, కొబ్బరితోటో, మోకాలి లోతు నీళ్లున్న వరిచేనో! అందుకే మా నాన్న నాకు కారు నేర్పినప్పుడు కుడి, ఎడమ అనలేదు. 'నీటివైపు చూసుకో అమ్మా' అనేవారు. పద్దెనిమిదేళ్ల వయసులో నేను నేర్చుకున్న మొదటి డ్రైవింగ్ పాఠం అదే.

అలాంటి నాన్నే కిందటేడాది కారుని కాలువలోకి పోనిచ్చినంత పనిచేశారు.

కొత్తపేట దగ్గర పెళ్లికెళ్లి వస్తున్నారు. ముందు సీట్లో అమ్మ. ఇరుకు వంతెన దగ్గర ఎదురుగా ఆటో వస్తోందని యాక్సిలరేటర్ మీంచి కాలు తీశారు. రొద తగ్గాల్సింది పోయి ఇంజన్ గయ్యిమంది. బ్రేకు తొక్కితే దిగలేదు. రెండు కాళ్ల బలమూ పెట్టి తొక్కితే, ముందు చక్రం గట్టుమీది గడ్డిలోకి దిగి ఆగింది. అక్కడి నుంచి నీళ్లు నాలుగడుగులు.

'నేను కాలు తీశాను' అన్నారు ఇంటికొచ్చాక. 'తీశాననుకున్నారేమో' అంది అమ్మ. 'బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసుంటారు, డెబ్బై ఒకటి వచ్చాయి కదా' అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. నేనూ అలాగే అనుకున్నాను. మర్నాడు ఊళ్లో ఓ షెడ్డుకి తీసుకెళ్తే, బానెట్ ఎత్తి, స్టార్ట్ చేసి, అయిదు నిమిషాలు విని, 'బండి శుభ్రంగా ఉందండి' అన్నారు. ఆ మాటతో నేరం రుజువైపోయింది. నాన్న ఇంకోసారి 'నేను కాలు తీశాను' అన్నారు. మూడోసారి అనలేదు. తాళాలు అమ్మ బీరువాలోకి వెళ్లాయి.

అమ్మేద్దామని...

అది 2003లో కొన్న మారుతి జెన్. నంబరు 'ఏపీ 5' సిరీస్. అప్పటి తూర్పుగోదావరి జిల్లాకి గుర్తు. లెక్కల మాస్టారి జీతంలోంచి వాయిదాలు కట్టి కొన్నారు. మా చదువులూ, తాతయ్య ఆసుపత్రి ప్రయాణాలూ, నా పెళ్లి శుభలేఖలూ అన్నీ అందులోనే తిరిగాయి. పదిహేనేళ్లయ్యాక ఓసారి, మరో అయిదేళ్లకి ఇంకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నారు. 2028 దాకా కాగితాలు దివ్యంగా ఉన్నాయి. ఇంజన్ మాటే ఎవరికీ నమ్మకం లేదు. కాదు, నిజం చెప్పాలంటే నాన్న మీదే నమ్మకం లేదు.

మూడు నెలలు కవరు కప్పుకుని పెరట్లో ఉంది. చివరికి రాజోలు దగ్గర తెలిసినవాళ్లు కొంటామన్నారు. గోదారి కాలువల మీద ఆదివారం పేజీకి నేనో వ్యాసం రాయాల్సి ఉంది. దారిలో చూసుకుంటూ వెళ్లి కారు అప్పజెప్పి వస్తానన్నాను. 'అప్పజెప్పేటప్పుడు నేనుండాలి' అన్నారు నాన్న. మా ఇంట్లో ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆయన ఎడమవైపు సీట్లో కూర్చున్నారు.

నాలుగు చేతుల ఆనకట్ట

రాజమండ్రి నుంచి కోనసీమకి వెళ్లడానికి హైవే ఉంది. కానీ కాలువల కథ తెలియాలంటే ధవళేశ్వరం మీంచే వెళ్లాలి. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయింది. ఇప్పుడు మనం చూసే బ్యారేజీ దాని స్థానంలో 1982కి తయారైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం... నాలుగు చేతులు. అన్నీ కలిపి 175 గేట్లు. మధ్యలో లంకలు. ఆ గేట్ల పక్కనుంచే రోడ్డు. ఓ పక్క సముద్రంలా నిండుగోదారి, రెండో పక్క ఇసుకమేటలు.

ధవళేశ్వరం పేరు చెప్పగానే అందరికీ ఆనకట్టే గుర్తొస్తుంది. దాని పక్కనే పెరిగిన వర్క్‌షాపు సంగతి తక్కువమందికి తెలుసు. ఆనకట్టకీ, కాలువలకీ కావాల్సిన ఇనప సామాను తయారుచేయడానికి కాటన్ కాలంలోనే ఇక్కడ పని మొదలైంది. డెల్టాకి నీళ్లొచ్చిన చోటి నుంచే పానా పట్టే చేతులూ వచ్చాయన్నమాట. ఆ తర్వాత రైసుమిల్లులు, లాంచీలు, డీజిల్ పంపుసెట్లు, ఇప్పుడు రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు... ఈ నేల మీద ఏదో ఒక ఇంజన్ చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది.

బ్యారేజీ మీద కారు బుద్ధిగా నడిచింది. నాన్న కిటికీలోంచి గేట్లు లెక్కపెడుతున్నారు. నా కాళ్లవైపు చూడకూడదని ఆయన ప్రయత్నమని నాకు అర్థమవుతూనే ఉంది.

లొల్ల లాకుల దగ్గర ఊయల

తూర్పు డెల్టాకి ధవళేశ్వరం దగ్గర, పశ్చిమ డెల్టాకి విజ్జేశ్వరం దగ్గర నీళ్లు మళ్లుతాయి. మధ్య డెల్టాకి, అంటే కోనసీమకి, బొబ్బర్లంక దగ్గర. అక్కడి నుంచి కాలువ వెంబడే రావులపాలెం వైపు రోడ్డు. పూతరేకుల ఆత్రేయపురం ఈ దారిలోనే. ఈ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎన్నో సినిమాల్లో చూసిన లొల్ల లాకులూ ఇక్కడే.

ఫొటోల కోసం లాకుల దగ్గర ఆపాను. ఇంజన్ ఆపలేదు. న్యూట్రల్‌లో ఉంది, నా కాలు దేనిమీదా లేదు. అప్పుడు వినిపించింది. రొద మెల్లగా పెరిగింది. గయ్యిమంది. ఠక్కున పడిపోయింది. మళ్లీ పెరిగింది... మళ్లీ పడిపోయింది. ఎవరో ఊయల ఊపుతున్నట్టు ఒకటే లయ. కనిపించని కాలు ఒకటి యాక్సిలరేటర్ మీద ఆడుకుంటున్నట్టు!

నాన్న వైపు చూశాను. ఆయన నా కాళ్ల వైపు చూస్తున్నారు. రెండూ మ్యాటు మీద ఖాళీగా ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

'నాన్నా... మీరు కాలు తీశారు కదా' అన్నాను. అంతకంటే ఏమనాలో తెలియలేదు.

'ముందు పోనీ' అన్నారు.

రావులపాలెంలో రెండో పరీక్ష. అరటి మార్కెట్ దగ్గర గెలల లోడుతో వ్యాను ముందు ఆగింది. బ్రేకు తొక్కాను. పెడల్ అంగుళం దిగి అక్కడే బిగుసుకుపోయింది. ఇంజన్ మాత్రం ముందుకు నెడుతోంది. క్లచ్ తొక్కి, బలమంతా కాలిమీద పెడితే వ్యాను వెనక జానెడు దూరంలో ఆగింది. ముప్పై దాటిన నా కాళ్లు వణికాయి. డెబ్బై ఒకటేళ్ల కాళ్లు ఆ వేళ కొత్తపేట వంతెన దగ్గర ఎంత పనిచేశాయో అప్పుడు తెలిసింది.

మెకానిక్ నంబర్ వన్

హైవే పక్కనే ఓ కుర్రాడి షెడ్డు. కంప్యూటర్ స్కానర్ ఉంది. కానీ అది కొత్త కార్ల కోసం. మా కారుకి దాని పిన్ను పట్టలేదు. 'ఇలాంటి రేజింగ్‌కి చాలా కారణాలుంటాయి మేడమ్' అంటూ వరసగా చూశాడు. యాక్సిలరేటర్ తీగ ఎక్కడైనా పట్టేస్తోందా? లేదు. కాలికింద మ్యాటు పెడల్‌కి అడ్డుపడుతోందా? లేదు. రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే వేడి కొలిచే సెన్సర్ తప్పు చెబుతుంది, ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. నీళ్లు నిండుగానే ఉన్నాయి. 

చివరికి థ్రాటిల్ బాడీ విప్పాడు. గాలి లోపలికి వెళ్లే దారిలో ఉండే చిన్న తలుపు అది. మనం యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది ఆ తలుపే. చుట్టూ తారులా నల్లటి మసి. స్ప్రే కొట్టి తుడిచి బిగించాడు. స్టార్ట్ చేస్తే రొద నెమ్మదించింది. మూడొందలు తీసుకున్నాడు. 'మళ్లీ వస్తే ఐడిలింగ్ వాల్వ్ మార్చాలి. రాజమండ్రి నుంచి తెప్పించాలి' అన్నాడు. అబద్ధం చెప్పలేదు, ఎక్కువ అడగలేదు. అతను చూసినవన్నీ చూడాల్సినవే. కానీ దొంగ ఆ ఇంట్లో లేడు.

నాన్న లెక్క

కొత్తపేట దాటాక కొబ్బరిచెట్లు రోడ్డు మీదికి వంగి గొడుగు పడతాయి. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి అడ్డం వస్తుంది. ఇక్కడి వింత మీకు తెలిసిందే... కింద నది, పైన కాలువ! నదిని దాటించి నీళ్లని రాజోలు వైపు తీసుకెళ్లడానికి 19వ శతాబ్దంలోనే అక్విడెక్టు కట్టారు. తర్వాత కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. దారినపోయేవాళ్లకి వేళతో పనిలేకుండా అన్నంపెట్టిన తల్లి. ఈ దారిలో ఆగినవాళ్లకి సాయం దొరకడమన్నది ఆనాటి నుంచీ ఉన్నదే.

సరిగ్గా అక్కడే రొద మళ్లీ మొదలైంది. పక్కకి తీసి ఆపాను. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. నాన్న మాత్రం బడిలో బోర్డు ముందు నిలబడ్డట్టు నిదానంగా ఉన్నారు.

'రావులపాలెం నుంచి వింటున్నాను. నువ్వు బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజన్ గొంతు మారుతోంది. ఓసారి తొక్కి చూడు.'

తొక్కాను. రొద ఓ మెట్టు మారింది. వదిలాను. మళ్లీ మారింది. బ్రేకుకీ ఇంజన్ రొదకీ ఏమిటి సంబంధం?

'ఇంజన్ ఎక్కువ తిరగడం ఒక లెక్క, బ్రేకు గట్టిపడటం ఇంకో లెక్క అనుకున్నాం అందరం. రొదకి నా కాలు కారణమన్నారు. బ్రేకుకి నా బలం తగ్గడం కారణమన్నారు. రెండు తప్పులు ఒకేసారి ఎప్పుడూ వస్తున్నాయంటే... అవి రెండు కావేమో, ఒకటేనేమో' అన్నారు.

మూడు నెలల్లో ఆయన ఆ కారు గురించి మాట్లాడిన మొదటి మాటలు అవి.

ఇంజన్‌కి గుండె పరీక్ష

రాజోలు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా, కాలువ గట్టు కింద తాటాకుల షెడ్డు. బోర్డు లేదు. బయట రెండు పంపుసెట్లూ, విప్పేసిన ఏరియేటరూ, ఓ ట్రాక్టరూ. లోపల అరవై దాటిన మెకానిక్. చిన్నప్పుడు సఖినేటిపల్లి - నరసాపురం రేవులో లాంచీ ఇంజన్ల దగ్గర పని నేర్చుకున్నారట. 'నా పేరు రాయకండమ్మా. పేపర్లో పడితే జిల్లాలో పాత బళ్లన్నీ ఇక్కడికే వత్తాయి' అని ముందే మాట తీసుకున్నారు.

బానెట్ ఎత్తగానే పానా పట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. రెండు నిమిషాలు ఊరికే విన్నారు. తర్వాత 'ఏం జరిగిందో మొదటి నుంచీ చెప్పండి మాస్టారూ' అని అడిగారు. ఈ మూడు నెలల్లో నాన్నని ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఎవరూ లేరు. నాన్న వంతెన నుంచి మొదలుపెట్టి, బ్రేకు తొక్కితే గొంతు మారడం దాకా చెప్పారు.

'ఆయ్! అయితే సగం పని మీరే చేసేశారండి' అన్నారాయన. 

మొదటి పరీక్షకి పనిముట్టే అక్కర్లేదు. ఇంజన్ ఆపేయమన్నారు. బ్రేకు అయిదారుసార్లు తొక్కి వదలమన్నారు. ఆరోసారికి పెడల్ గట్టిపడింది. 'అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యండమ్మాయిగారూ.' చేశాను. 'కాలికింద పెడల్ కొంచెం దిగిందా?' దిగలేదు. 'దిగాలండి. మంచి బండైతే స్టార్ట్ అవగానే మెత్తగా కిందకి జారుద్ది. జారలేదంటే పీల్పు అందట్లేదు.'

రెండో పరీక్ష. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసని ఇంజన్ మీద ఒక్కోచోటా ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నారు. డాక్టరుగారి స్టెతస్కోపులా. ఓచోట ఆగి నన్ను కూడా వినమన్నారు. ఇంజన్ టకటకల వెనక సన్నగా 'స్స్స్...' మని ఈల. 

మూడో పరీక్షతో దొంగ దొరికాడు. ఇంజన్ వెనకభాగం నుంచి బ్రేకు వైపు వెళ్తున్న బొటనవేలంత లావు నల్లటి గొట్టానికి గుడ్డచుట్టి, కటింగ్ ప్లేయర్‌తో మొదట్లోనే నొక్కిపట్టారు. అంతే! గయ్యిమంటున్న ఇంజన్ పిల్లిలా అయిపోయింది. వదిలితే మళ్లీ రొద. నొక్కితే నిశ్శబ్దం. గొట్టం విప్పి తిరగేస్తే, పైకి కనపడని అడుగుభాగంలో అంగుళం పొడవున చీలిక. దాని అంచునే చిన్నచిన్న పళ్లగాట్లు.

ఎలుక!

'కోతలైపోయాక చేలో ఎలకలకి మన ఇల్లే ఇల్లండి. వెచ్చగా ఉంటాదని ఇంజన్ మీదికి ఎక్కుతాయి. పళ్లు గీరుకోడానికి రబ్బరు. ఇరవై ఏళ్ల రబ్బరు, పైగా మన ఉప్పుగాలి. అది కొరికింది ఇంత, ఆపైన చీలిపోయింది అంత' అన్నారు.

లస్కర్ని తిట్టకూడదండి

ఇంజన్ అంటే పెట్రోలు కాల్చే యంత్రమనే మనకి తెలుసు. అంతకంటే ముందు అది గాలి పీల్చే యంత్రం. పిస్టన్ కిందకి దిగినప్పుడల్లా గాలిని లాగుతుంది. మనం కాలు తీసేస్తే థ్రాటిల్ తలుపు దాదాపు మూసుకుపోతుంది కాబట్టి, తలుపు అవతల పీల్పు బలంగా ఉంటుంది. ఆ పీల్పునే ఓ లావు గొట్టంతో అరువు తెచ్చుకుని బ్రేకుకి సాయంగా వాడతారు. పెడల్‌కి ముందు గుండ్రటి నల్లటి డబ్బాలా ఉండేది అదే... బ్రేక్ బూస్టర్. మన కాలు కొంచెం నొక్కితే అది చాలా నొక్కుతుంది.

ఇప్పుడా గొట్టానికి చిల్లు పడిందనుకోండి. ఒకే చిల్లు, రెండు నష్టాలు. తలుపు మూసి ఉన్నా దొడ్డిదారిన గాలి ఇంజన్‌లోకి పోతుంది. లోపల పెరిగిన గాలిని చూసి కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. కాలు పెట్టకుండానే వేగం పెరుగుతుంది. కాసేపటికి అదే కంప్యూటర్ 'కాలు తీసేసి ఉంది, ఇంత వేగం ఎందుకు?' అని పెట్రోలు ఆపేస్తుంది. రొద పడిపోతుంది. పడిపోతోందని మళ్లీ పోస్తుంది. లొల్ల దగ్గర నేను విన్న ఊయల అదే! ఇక రెండో నష్టం... పీల్పు చిల్లులోంచే పోవడంతో బూస్టర్‌కి చేరదు. బ్రేకు రాయవుతుంది.

మరి ఊళ్లో షెడ్డులో ఎందుకు దొరకలేదు? అప్పుడు ఇంజన్ చల్లగా ఉంది, బండి కదలకుండా ఉంది. చీలిక పెదవులు రెండూ అతుక్కుని ఉన్నాయి. గంటసేపు నడిచి రబ్బరు వేడెక్కి మెత్తబడ్డాక, ఇంజన్ ఊగితే అవి విచ్చుకునేవి. రావులపాలెంలో మసి తుడిచాక నెమ్మదించిందీ అందుకే. ఆ కాసేపట్లో ఇంజన్ చల్లారింది.

ఇదంతా నేను నాలుగుసార్లు అడిగి రాసుకుంటే, ఆయన ఒక్క మాటలో తేల్చేశారు.

'లాకు మూసున్నా కింద కాలవకి నీరొత్తందనుకోండి. లస్కర్ని తిట్టకూడదండి. గట్టుకి గండి ఎక్కడ పడిందో చూసుకోవాలి.'

నాన్న గట్టిగా నవ్వారు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో నేనూ మర్చిపోయాను.

టేపు చుట్టి ఇవ్వమంటే ఆయన ఒప్పుకోలేదు. పెట్రోలు పైపు ముక్క వేసినా కుదరదట. పీల్పుకి అది లోపలికి నొక్కుకుపోతుందట. బ్రేకు గొట్టానికి తగిన మందమే ఉండాలని, కుర్రాణ్ని బండిమీద రాజోలు పంపారు. గొట్టం, రెండు క్లిప్పులు, కూలీ... అంతా కలిపి ఆరొందల యాభై. బిగించాక మళ్లీ మొదటి పరీక్ష. పెడల్ తొక్కిపట్టి తాళం తిప్పితే, కాలికింద మెత్తగా జారింది.

మీ కారూ ఇలా చేస్తోందా?

కుర్రాడు వచ్చేలోగా ఆయన చెప్పినవి, పాత కారున్న ప్రతి ఇంటికీ పనికొచ్చేవి ఇవి.

* పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రొద కాస్త ఎక్కువుండటం, ఏసీ వేస్తే కొంచెం పెరగడం మామూలే. ఇంజన్ వేడెక్కాక కూడా తగ్గకపోయినా, ఊయలలా పెరిగి తగ్గుతున్నా వెంటనే చూపించాలి.

* రొదతోపాటు బ్రేకు కూడా గట్టిపడితే ఆ కారుని ఇంకో కిలోమీటరు కూడా నడపకూడదు. మేం చేసిన తప్పు అదే.

* నడుస్తుండగా రొద పెరిగిపోతే బ్రేకుని పదేపదే తొక్కి వదలొద్దు. ఉన్న కొద్దిపాటి పీల్పూ అయిపోతుంది. ఒక్కసారే బలంగా తొక్కి పట్టుకోవాలి. క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయాలి. ఇంజన్ ఎంత అరిచినా కంగారుపడొద్దు, చక్రాలకి ఆ బలం చేరదు. పక్కకి తీసి ఆగాకే తాళం తీయాలి. కదులుతుండగా తాళం లాగేస్తే స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు.

* ముందు తేలికైనవి చూడాలి. కాలికింద మ్యాటు, యాక్సిలరేటర్ తీగ, రేడియేటర్ నీళ్లు, రబ్బరు గొట్టాలు. ఆ తర్వాతే థ్రాటిల్ మసి, ఐడిలింగ్ వాల్వ్, సెన్సర్లు. కార్బొరేటర్ ఉన్న ఇంకా పాత బళ్లలో అయితే చోక్ పట్టేసిందేమో, కార్బొరేటర్ కింది ప్యాకింగ్ దగ్గర గాలి పీలుస్తోందేమో చూడాలి.

* మెకానిక్ దగ్గరికి చల్లటి ఇంజన్‌తో వెళ్తే కొన్ని రోగాలు బయటపడవు. వేడిగా ఉన్నప్పుడు, సమస్య వచ్చే దారిలో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి.

* వాడని కారుని ధాన్యం బస్తాల పక్కన, కొబ్బరి డొక్కల పక్కన పెట్టొద్దు. వారానికోసారైనా బానెట్ ఎత్తి, ఎలుకల గూడు, పెంటికలు ఉన్నాయేమో చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఆయన చెప్పకుండానే చేసి చూపించారు. నడిపిన మనిషి చెప్పేది వినడం. వయసు మీదపడితే చూపూ, చురుకుదనమూ తగ్గుతాయి, నిజమే. కంటి పరీక్షలూ అవసరమే. కానీ ఇంట్లో పెద్దవాళ్లు 'నేను కాలు తీశాను' అంటే, కారుని ఒకటికి రెండుసార్లు పరీక్ష చేయించకుండానే కాలిని తప్పుపట్టకూడదు. మా ఇంట్లో ఆ ఎలుక కొరికిన గొట్టంతో ఇంకెవరైనా ఆ కారు నడిపి ఉంటే? కొనుక్కునేవాళ్లకి అలాగే అంటగట్టి ఉంటే?

చివరి నాలుగు కిలోమీటర్లు

షెడ్డు నుంచి బయటికొచ్చాక తాళాలు నాన్న చేతికిచ్చాను. ఆయన కాసేపు వాటిని చూసి కుడివైపు తలుపు తీశారు. సీటు ముందుకి జరుపుకున్నారు. అద్దం సరిచేసుకున్నారు. కాలువ గట్టు మీద, సాయంత్రం ఎండలో, ముప్పై దాటకుండా నడిపారు. ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టర్ వస్తే కాలు తీశారు. రొద తగ్గింది. బ్రేకు తొక్కారు. కారు ఆగింది. అంతే. అదేమంత వింత కాదు, రోజూ అందరి కార్లూ చేసే పనే. మా ఇద్దరికీ మాత్రం ఆ నిమిషం చాలాసేపు గుర్తుండిపోతుంది.

'అమ్మొద్దులెండి నాన్నా, వెనక్కి వెళ్లిపోదాం' అన్నాను.

'మాటిచ్చాం కదా. పైగా ఇప్పుడు అమ్మినా నాకేం బాధ లేదు. ఆ నిందతో అమ్మడమే ఇష్టం లేకపోయింది' అన్నారు.

కొన్నవాళ్లింట్లో కాఫీ తాగుతూ, చీలిన గొట్టం బల్లమీద పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పారు. పెడల్ పరీక్ష ఎలా చేయాలో ఆ ఇంటి కుర్రాడికి మూడుసార్లు చేసి చూపించారు. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. 'నీటివైపు చూసుకో బాబూ' అని తాళాలిచ్చారు.

రాజోలు బస్టాండులో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాన్నది. బస్సు కదలగానే అమ్మకి ఫోన్ చేశారు. కారు ఎంతకి పోయిందో చెప్పలేదు. 'దొరికిందే... ఎలుక కొరికిందట' అన్నారు. అవతల అమ్మ ఏమందో నాకు వినపడలేదు. చాలాసేపు విన్నారు. 'పర్లేదులే' అని పెట్టేశారు.

జేబులోంచి ఆ గొట్టం ముక్క తీసి, చీలికని వేలితో ఓసారి విప్పి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఇప్పుడది మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. వచ్చినవాళ్లు అదేమిటని అడుగుతారు. చెప్పే పని అమ్మ తీసుకుంది.